హవాయి ఓట్లూ, మా మంద రాళ్లూ

నా చిన్నప్పుడు మా మందలో గొర్రెలెన్నో ఎవరూ నోటితో చెప్పేవాళ్లు కాదు. నోటితో అంటే దిష్టి తగులుతుందని మా తాతయ్య నమ్మకం. ఆయన దగ్గర తోలుసంచి ఒకటి ఉండేది. మందలో ఎన్ని గొర్రెలుంటే సంచిలో అన్ని గులకరాళ్లు. పిల్ల పుడితే ఏటికి పోయి ఒక రాయి తెచ్చి వేసేవాడు, గొర్రె చస్తే ఒక రాయి తీసి ఏట్లో పారేసేవాడు. ప్రతి అమావాస్యకూ పొద్దున్నే దొడ్డి కంచెకు సందు తీసి గొర్రెలను ఒక్కొక్కటిగా బయటికి వదిలేవాళ్లు. ఒక గొర్రె దాటగానే తాతయ్య సంచిలోంచి ఒక రాయి తీసి ఒళ్లో వేసుకునేవాడు. చివరి గొర్రె దాటేసరికి సంచి ఖాళీ అయితే అంతా సరిగా ఉన్నట్టు.

మాది హోసూరు దగ్గర, ఇప్పుడు కెలవరపల్లి ఆనకట్ట ఉన్న వైపు ఒక పల్లె. మా నాయన సేద్యం చూసుకునేవాడు, మంద తాతయ్యది. తాతయ్యకు రెండు కళ్లలోనూ పొరలు కమ్మి, గొర్రెకూ గొర్రెపిల్లకూ తేడా కూడా తడిమి చూసుకునేవాడు. అందుకని మందను మేపేది మా చిన్నాయన. అంటే మా నాయనకు సొంత తమ్ముడు కాదు, తాతయ్య తమ్ముడి కొడుకు. భార్య పోయింది, ఒక్కతే కూతురు. ఆ పిల్ల నాకంటే ఏడాది పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. పేరుకు వరుసే గానీ అక్కా నేనూ ఒకే కంచంలో సంగటి తిన్నవాళ్లం.

చిన్నాయనకు రాళ్లతో పనిలేదు. గొర్రెల మొహాలన్నీ ఆయనకు తెలుసు. దేని చెవి చీలిందో, ఏది దేని కూతురో, ఏది వాన వస్తే ముందుగా దగ్గుతుందో చెప్పేవాడు. తాతయ్యకు మాత్రం రాళ్ల మీదే గురి. ఆ సంచి దాచే పని నాకు అప్పగించాడు. ఇంట్లో ఇంతమంది ఉండగా నాకిచ్చాడని నేను పడిన గర్వం అంతా ఇంతా కాదు.

ఆ గర్వమే నా బుద్ధికి గడ్డి తినిపించింది. అక్కా నేనూ అచ్చనగండ్లు ఆడేవాళ్లం, అదే, రాళ్లు ఎగరేసి పట్టుకునే ఆట. ఒక మధ్యాహ్నం ఏటికి పోయి రాళ్లు ఏరుకునే ఓపిక లేక, సంచిలోంచి అయిదు రాళ్లు తీశాను. సంచి మీద చెయ్యి వేస్తే వీపు చిట్లగొడతానని తాతయ్య ముందే చెప్పాడు. అయినా తీశాను. అక్క దగ్గర ఒక తెల్లరాయి ఉండేది, కొండ మీద దొరికింది, అరగదీసి అరగదీసి నున్నగా చేసుకుంది. దాన్ని పైకెగరేసే రాయిగా పెట్టుకుని ఆడాం. ఆట మధ్యలో తాతయ్య దగ్గు వినిపించింది. కింద ఉన్న రాళ్లన్నీ గుప్పిట్లోకి ఊడ్చి సంచిలో పోసేశాను. ఆ సాయంత్రం అక్క, "నా తెల్లరాయి యాడ పోయింది?" అని వెతుకుతూ వచ్చింది. నాకేం తెలుసు అన్నాను. రాత్రి తీసిద్దాంలే అనుకుని మరిచిపోయాను.

రెండు రోజులకు అమావాస్య వచ్చింది. కంచె సందులోంచి చివరి గొర్రె దాటింది. తాతయ్య చెయ్యి సంచిలోకి పోయి, ఒక రాయితో బయటికి వచ్చి, అట్లాగే ఆగిపోయింది.

"ఒకటి తక్కువ ఉంది" అన్నాడు.

"తక్కువ ఏమీ లేదు పెదనాయనా. అన్నీ ఈడే ఉండాయి" అన్నాడు చిన్నాయన.

"రాయి మిగిలింది కదరా. రాళ్లు అబద్ధం చెప్తాయా? సంతలో ఎవరికి అమ్మినావు?"

ఊరివాళ్లు అప్పటికే పదిమంది పోగయ్యారు. "ఏ గొర్రె పోయిందో చెప్పు పెదనాయనా. నల్లచెవిదా, కుంటిదా, బోడిదా? ఒక్కదాని పేరు చెప్పు, నేను ఒప్పుకుంటాను" అని చిన్నాయన బతిమాలాడు. తాతయ్యకు ఏ గొర్రె మొహం తెలుసని చెబుతాడు? చెప్పలేకపోయినందుకు ఇంకా కోపం వచ్చింది. మిగిలిన రాయిని దొంగతనం కింద ఏట్లో పారేసి, ఇక నా మంద జోలికి రావద్దని తలుపు వేసుకున్నాడు.

నాకు ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయింది, అక్క తెల్లరాయి కలిసి సంచిలో ఒకటి ఎక్కువైంది. అయినా చెప్పలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. దెబ్బలకు భయపడ్డానా అంటే, అదొక్కటే కాదు. సంచి నా చేతిలోంచి పోతుందని భయపడ్డాను. ఎంత సిగ్గుమాలిన పిల్లనో చూడండి.

వారం తిరక్కుండానే బావి దగ్గర పిల్లలు అక్కను దొంగోడి కూతురని పిలవడం మొదలుపెట్టారు. చిన్నాయన కంబళి భుజాన వేసుకుని, గిన్నెలు మూటకట్టి, అక్క చెయ్యి పట్టుకుని డెంకణికోట దారి పట్టాడు. అక్కడ అడవి పక్క పల్లెల్లో ఏనుగులు రాగి చేను తొక్కకుండా కావలి కాయడానికి మనుషులు కావాలన్నారట. ఏనుగుల ముందు నిలబడే పనికి వేరే గతిలేనివాళ్లే పోతారు. వాళ్లు పోతుంటే నేను మా అరుగు మీద నిలబడి చూశాను. ఏటి దారి మలుపు తిరిగేదాకా అక్క వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.

అది అరవయ్యో సంవత్సరం. ఆ రోజుల్లోనే హోసూరు పక్కనున్న పశువుల ఫారానికి అమెరికా నుంచి ఒకావిడ వచ్చింది. పల్లెపల్లెకూ జీపులో తిరిగి గొర్రెలకు రోగాలు రాకుండా సూదులు వేసేది. సూదులమ్మ అని పిలిచేవాళ్లం. అమెరికా మనిషంటే ఎవరూ నమ్మలేదు. తెల్లగా పొడుగ్గా ఉంటుందనుకుంటే, చిన్న కళ్లతో, నల్లటి జుట్టుతో, మా అమ్మంత ఎత్తు ఉంది. సముద్రం మధ్యలో హవాయి అనే దీవులున్నాయనీ, తన తాత జపాను నుంచి అక్కడికి చెరుకు కొట్టడానికి పోయిన కూలీ అనీ, ఆ దీవులు కిందటేడే అమెరికాలో ఒక రాష్ట్రమయ్యాయనీ చెప్పింది. మద్రాసులో అరవం నేర్చుకుందట, పుస్తకం చదివినట్టు మాట్లాడేది. మాకు అరవం వచ్చు కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

మొదటిసారి వచ్చినప్పుడు ఎన్ని గొర్రెలు, ఎంత మందు కలపాలి అని అడిగితే, తాతయ్య నోరు విప్పకుండా సంచి ముందుకు తోశాడు. ఆవిడ నవ్వి, రాళ్లు లెక్కపెట్టుకుంది. ఆ రోజు ఆవిడకు మనసు మనసులో లేదు. అమెరికాలో అధ్యక్షుడి ఎన్నికలు అయిపోయాయి. వాళ్ల దీవులవాళ్లు అధ్యక్షుడికి ఓటు వెయ్యడం అదే మొదలు. వాళ్ల నాన్న, జీవితమంతా చెరుకు మిల్లులో పనిచేసిన మనిషి, వాళ్ల ఊరి ఓట్లు కూడి రాసే పనికి కూర్చున్నాడట. దేశం మొత్తం మీద ఎదురుపక్షం కుర్రాయన గెలిచాడు. వాళ్ల దీవుల్లో మాత్రం అప్పటికే ఉపాధ్యక్షుడుగా ఉన్నాయన గెలిచాడని చెప్పారు. అదీ నూరు చిల్లర ఓట్లతో. అక్కడి పద్ధతి ప్రకారం ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం వంతు మొత్తం గెలిచినవాడికే పోతుందట.

రెండోసారి వచ్చేసరికి కొత్త కబురు. కాగితాల మీద కూడిన మొత్తాలు కొన్నిచోట్ల పొంతన కుదరడం లేదని మళ్లీ లెక్కపెట్టమని కోర్టులో అడిగారట. ఈలోగా గెలిచిందెవరో రాసి పంపాల్సిన గడువు వచ్చేస్తే రెండు పక్షాలవాళ్లూ గెలిచింది మేమేనని ఒకేరోజు కాగితాలు రాసి పంపారట. తాతయ్య అంతా విని, "ఎవరు గెలిచినా ఆ దేశానికి రాజు మారడు కదమ్మా. ఇంక ఈ లెక్కలెందుకు, పని లేకనా?" అన్నాడు. ఆవిడ గొర్రె మెడ తడుముతూ కూర్చుంది. నేను మాత్రం ఆ మళ్లీ లెక్కపెట్టడం అనే మాట దగ్గరే ఆగిపోయాను. అన్నం సయించేది కాదు. బావికి పోతే అక్క లేని చోటు కనిపించేది.

మూడోసారి వచ్చినప్పుడు జనవరి నెల. ఆవిడ చేతిలో నీలంరంగు విమానం ఉత్తరం ఉంది. తాతయ్య దొడ్డిలో ఉన్నాడు, మందుపెట్టె పట్టుకుని నేను ఆవిడ పక్కన కూర్చున్నాను.

"మా నాన్న రాశాడు పాపా" అంది. "మొత్తాలు రాసిన కాగితాలు పక్కన పెట్టి, పెట్టెలు తెరిచి ఒక్కొక్క చీటీ చేత్తో తీసి చూశారట. లెక్క తిరగబడింది. కుర్రాయనే గెలిచాడు, నూరు చిల్లర ఓట్లతోనే."

"మీ నాయన సంతోషపడినాడా అమ్మా?"

ఆవిడ ఉత్తరం మడిచి ఒళ్లో పెట్టుకుంది. తరువాత చెప్పింది. తప్పిన కూడికల్లో ఒకటి వాళ్ల నాన్నదే. ఎన్నికల రాత్రి రాసుకున్న అంకెలు మనసులో మళ్లీ కూడుకుని తన తప్పు తనే కనుక్కున్నాడట. అప్పటికి పెట్టెలు తెరవలేదు. ఎవరూ ఆయన్ని అడగలేదు. దేశంలో ఫలితం మారేదీ లేదు. కూలీల బిడ్డలకు లెక్కలు రావని నవ్వేవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. అన్నీ తెలిసి కూడా ఆయన పోయి, నేను కూడిక తప్పాను అని నిలబడి చెప్పాడు. ఆ తరువాత ఆయన్ని మళ్లీ ఆ పనికి పిలవలేదు.

"మరి ఎందుకు చెప్పినాడు? ఏమీ మారదు కదా" అన్నాను.

"నేనూ అదే రాసి అడిగాను. ఒక్కో చీటీ వెనక ఒక మనిషి ఉన్నాడు, తప్పు అంకె కింద ఆ మనిషిని పూడ్చి నేను నిద్రపోలేను అన్నాడు" అని ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఇంక నావల్ల కాలేదు. మందుపెట్టె అక్కడే పడేసి దొడ్డిలోకి పరిగెత్తాను. తాతయ్య కాళ్ల దగ్గర సంచి బోర్లించి, ఏడుస్తూ అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. ఆయన రాళ్లన్నీ ఒక్కొక్కటిగా వేళ్లతో తడిమాడు. తెల్లరాయి చేతికి తగలగానే ఆగాడు.

"ఇది మన ఏటిది కాదు" అన్నాడు. "అయ్యో, ఆ పొద్దు కూడా ఇది నా వేళ్లలోంచే పోయుంటుంది కదా."

ఆ పూట ఆయన ముద్ద ముట్టలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బస్సులో డెంకణికోటకు పోయి, అక్కడినుంచి నా భుజం పట్టుకుని అడవి పక్క పల్లెకు నడిచాడు. చిన్నాయన రాగి చేను గట్టున కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. చేతికి పెద్ద కట్టు ఉంది, ఏనుగులను తరుముతుంటే మంచె మీదనుంచి పడ్డాడట. పల్లెవాళ్లు ఎవరో ముసలాయన వచ్చాడని చుట్టూ చేరారు. వాళ్లందరి ముందూ తాతయ్య చేతులు జోడించాడు.

"గొర్రె పోలేదురా. నా లెక్క తప్పింది. నువ్వు దొంగవు కాదు. మన ఊళ్లో కూడా అందరికీ చెప్పే వచ్చినాను. ఇంటికి రా నాయనా."

"ఇంత దూరం వచ్చి చెప్పినావు, అది చాలు పెదనాయనా" అన్నాడు చిన్నాయన నిదానంగా. "నేను మాత్రం రాను. ఏ గొర్రె పోయిందో చెప్పమని అడిగితే, ఆ పొద్దు నువ్వు నా పక్కకు కూడా తిరగలేదు."

తాతయ్య అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అక్క గుడిసె వాకిట్లో నిలబడి ఉంది. నేను దగ్గరికి పోయి తెల్లరాయి చెయ్యి చాపి ఇచ్చాను. తీసుకోలేదు.

"అది నీ సంచిలోనే ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది" అంది.

"మరి నువ్వు ఎందుకు చెప్పలేదక్కా?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతారు? దొంగోడి కూతుర్ని కదా. నువ్వు చెప్తావని చూసినాను. ఏటి మలుపు దాకా ఎనక్కి తిరిగి చూస్తానే ఉన్నాను."

అంతే. లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. తరువాత పెళ్లిళ్లలో, చావుల్లో రెండుమూడుసార్లు కనిపించింది. బాగున్నావా అంటే బాగున్నాను అనేది. మేము మళ్లీ ఒక కంచంలో తినలేదు. చిన్నాయన ఆ చేల కావలిలోనే ముసలివాడై పోయాడు. తాతయ్య ఆ అమావాస్య నుంచి సంచి ముట్టుకోలేదు. మందను ఎవరు మేపినా ముందు వాళ్లను కూర్చోబెట్టి, ఒక్కో గొర్రె ఎట్లా ఉంటుందో చెప్పించుకుని వినేవాడు.

సూదులమ్మ ఏడాది తిరక్కుండా వాళ్ల దీవులకు పోయింది. ఆవిడకు నా సంగతి చెప్పనే లేదు. ఇప్పుడు టీవీలో ఓట్ల లెక్కింపు చూపిస్తుంటే మా మనవళ్లు ఎవరు గెలుస్తారని అరుస్తారు. నాకు ఎవరో ఒక మిల్లు పనివాడు, నేను కూడిక తప్పాను అని నిలబడి చెప్పడం కనిపిస్తుంది. తెల్లరాయి నా వక్కాకు పెట్టెలో ఉంది. ఎక్కడైనా నలుగురు చేరి ఒకరిని తప్పు పడుతుంటే, నాకు తెలిసింది ఎంత చిన్నదైనా, నాకు ఎంత తలవంపులైనా, అప్పటికప్పుడు చెప్పేస్తాను. నోరు ఊరుకోదేం ఈ ముసలిదానికి అని మా కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ. ఆ మనిషి కూడా అక్కలాగే వెనక్కి తిరిగి చూస్తూ పోతూ ఉంటుందని నాకు తెలుసు.