చెరువు కోసం చేసిన మనవి

మా కథోలిక గుడిలో ఆదివారం పూజకి ఒక పద్ధతుంది. ఫాదర్ గారి ప్రసంగం అయ్యాక వీధికొకరు చొప్పున లేచి ఒక మనవి చెప్పాలి. పోపుగారి కోసం, పాలకుల కోసం, వానల కోసం, జబ్బుపడ్డవాళ్ల కోసం. ఏం చెప్పినా గుడి మొత్తం ఒక్క గొంతుతో "ప్రభువా, మా మనవి ఆలకించండి" అంటుంది. నోళ్లకి ఎంత అలవాటంటే చెవులతో పనే ఉండదు. గుడికి సంఘపెద్ద అయిన మా మామగారి గొంతు అందరికంటే పైన వినిపిస్తుంది.

మొన్న ఈస్టరుకి ముందొచ్చే తపస్కాలం మొదలైనప్పుడు ఫాదర్ గారు ప్రసంగంలో, "ఊరి కోసం ప్రార్థిస్తున్నారు, మంచిదే. ఊళ్లో ఏం జరుగుతోందో తెలుసా మీకు? తెలియకుండా ఏమని అడుగుతారు?" అన్నారు. చాలామంది ఆవలించారు. నన్ను మాత్రం ఆ మాట వదల్లేదు. నిజమే, నాకేం తెలుసు? మా ఇంట్లో తాగేది ప్లాంటు నుంచి తెచ్చుకునే టిన్ను నీళ్లు. మరి ఊరి మంచినీళ్ల చెరువులో నీళ్లెవరు తాగుతున్నట్టు? ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ అనుమానం రానందుకు నా మీద నాకే ఆశ్చర్యమేసింది.

చూద్దామని ఒక సాయంత్రం గట్టు మీదికి వెళ్లాను. మిరప కోతలకి కర్నూలు వైపు నుంచి వచ్చి, పొలాల పక్కన టార్పాలిన్ పట్టాలతో గుడారాలు కట్టుకుని ఉంటున్న కూలీలు బిందెలతో దిగుతున్నారు. కాస్త అవతల మన రైతులు పురుగుమందు డ్రమ్ములు కడుగుతున్నారు. తెల్లటి నురగ. పిల్లని చంకనెత్తుకున్న ఒకామె ఆ నురగని అరచేత్తో పక్కకి నెట్టి బిందె ముంచింది.

"ఆ నీళ్లు తాగుతారామ్మా?" అన్నాను.

"ఇంగ ఏం నీళ్లు తాగాలక్కా?" అంది. పిల్లకి రెండ్రోజులుగా వాంతులట. నీళ్ల వల్లో కాదో చెప్పడానికి నేను డాక్టర్ని కాను. కానీ కడుగుతున్న డ్రమ్ముల్లో ఒకటి మాదే.

ఇంటికొచ్చి అడిగితే మా ఆయన, "అందరూ కడిగేది అక్కడేగా. పొలం దగ్గర నీళ్లేవి?" అన్నాడు. మామగారు, "కోతలయ్యాక పోయేవాళ్ల కోసం ఊళ్లో తగువు పెట్టుకుంటామా అమ్మాయ్?" అన్నారు. అమరావతి సంగతులు అరుగు మీద గంటలు గంటలు తేల్చే మనిషికి చెరువుగట్టు కనపడలేదా అని నాకు ఒళ్లు మండింది.

వచ్చిన ఆదివారం మా వీధి తరఫున మనవి వంతు మా ఇంటిది. నేను లేచాను. "మంచినీళ్ల చెరువులో మందు డ్రమ్ములు కడిగే మేమందరం, మా ఇంటివాళ్లతో సహా, ఆ పని మానేలా, కోతలకొచ్చిన బిడ్డలు మంచి నీళ్లు తాగేలా ప్రభువుని వేడుకుందాం."

"ప్రభువా, మా మనవి ఆలకించండి!" గుడి మారుమోగింది. మామగారి గొంతు ఎప్పట్లాగే పైనుంది. ఆ తర్వాత గానీ ఎవరికీ అర్థం కాలేదు. తలలన్నీ నావైపు తిరిగాయి.

బయటికొచ్చాక, "నలుగురిలో పరువు తీశావు కదమ్మా!" అని మామగారు మండిపడ్డారు. ఫాదర్ గారు నవ్వు ఆపుకుంటూ, "చెప్పింది ఆవిడే అయినా ఆలకించమన్నది మీరంతా కదండీ. దేవుడి పని ఆయన చూసుకుంటాడు. మన పని బుధవారం గ్రామసభలో ఉంది" అన్నారు.

గ్రామసభకి నేనెప్పుడూ వెళ్లలేదు. అక్కడ ఆడవాళ్లని మాట్లాడనిస్తారా అన్నదే తెలియదు. నిక్షేపంగా మాట్లాడనిచ్చారు. డ్రమ్ములు కడుక్కోవడానికి పొలాల వైపు ఒక బోరు వేయించమని, చెరువులో కడగడం ఆపించమని అడిగాను. సర్పంచి గారు అందర్నీ చూసి, "ఎవరు కడుగుతున్నారో చేతులెత్తండి. కడిగేవాళ్లే లేకపోతే బోరెందుకు?" అన్నారు.

ఒక్క చెయ్యీ లేవలేదు. గుడికి వచ్చేవాళ్లూ, రాని రైతులూ అందరూ నేల చూపులే. మా ఆయన కూడా. ఇక అయిపోయిందనుకున్నాను.

ఆదివారం నుంచి నాతో మాట్లాడని మామగారు మోకాళ్ల మీద చేతులానించి లేచారు. "మా డ్రమ్ము అక్కడే కడుగుతున్నామండి. రేపట్నుంచి కడగం. మీరు బోరు వేసినా వేయకపోయినా" అని కూర్చున్నారు. కాసేపటికి వెనకనుంచి ఒక చెయ్యి లేచింది. తర్వాత మా ఆయనది. ఇంకొన్ని. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

తిరిగొస్తుంటే మామగారు ముందు నడుస్తూ ఉన్నట్టుండి ఆగారు. "ఆ పిల్లకి తగ్గిందా?" అన్నారు.

గుడిలో చెప్పాను, సభలో చెప్పాను, మళ్లీ ఒక్కసారి వెళ్లి ఆ పిల్లని చూడలేదు.

"తెలీదు మామయ్యా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన కూలీల పట్టాల వైపు తిరిగారు. నేనూ వెనకే నడిచాను.