నాలుగు తొక్కుళ్లు, ఒక చూపు

ఆవిడకి అనుమానం వస్తే అన్నం సహించదు. ముప్పై ఏళ్లుగా బట్టలు సరిచేసే కొట్టు నడుపుతోంది. ఎవరి ప్యాంటు ఎందుకు బిగుతయిందో, ఎవరి కోటు జేబు ఎలా చిరిగిందో కూపీ లాగనిదే మనిషిని వదలదు. అలాంటి మనిషికి సొంత కోడలి సంగతే అంతుపట్టకపోతే ఎలా ఉంటుంది?

కోడలిదీ ఆ కొట్లోనే పని. గుండీలు, జిప్పులు ఆ పిల్ల వంతు. రోజూ భోజనాలయ్యాక గిరాకీ పలచబడగానే ట్రయల్ రూములో దూరి తలుపేసుకుంటుంది. లోపల గోడల నిండా ఉన్ని కోట్లు వేలాడుతుంటాయి. గొంతు మారుమోగకుండా అవి కాస్తాయట. వాటి మధ్య నిలబడి, ఫోనుకి చిన్న మైకు తగిలించుకుని, గంటసేపు గడగడా ఏదో వల్లిస్తుంది. దాన్ని ర్యాప్ అంటారట. ఏ కంపెనీ అండా లేకుండా తనే రాసి, తనే పాడి, తొమ్మిది పాటలతో మొదటి ఆల్బమ్ తెస్తోంది. దానికోసం తనకి ‘సూదిమందు’ అని మారుపేరు కూడా పెట్టుకుంది. ఎనిమిది పాటలయ్యాయి. ఆదివారమే విడుదలని ఊరంతా చాటేసింది కూడా.

అత్తగారికి పాటల మీద కోపం లేదు. ఆవిడ బెంగల్లా ఒకటే: అందులో తన ఊసుందా, ఉంటే ఏమని ఉంది? ర్యాప్ అంటే కడుపులో ఉన్న కోపమంతా కక్కేయడమేనని కొడుకు ఒకసారి నోరు జారాడు. పెళ్లయిన ఈ రెండేళ్లలో కోడలు కుట్టిన గుండీలు ఎన్నిసార్లు ఊడదీయించిందో ఆవిడకి బాగానే గుర్తుంది.

"ఏం పాడుతోందిరా?" అని కొడుకునే అడిగింది. బస్సు నడిపే ఆ మనిషి చేతులు జోడించాడు.

"నన్ను మధ్యలోకి లాగకమ్మా. నువ్వే అడుగు."

నేరుగా అడిగితే తన పెద్దరికం ఏం కాను? మిషన్ తొక్కుతూ విందామంటే దాని లొడలొడలో ఒక్క ముక్కా వినపడదు. తొక్కడం ఆపి తలుపుకి చెవి పెడితే లోపల పాటా ఆగిపోతుంది. గడుసుది, కనిపెట్టేసిందని పళ్లు నూరుకునేది.

బుధవారం కోడలు దారాల కోసం బజారుకెళ్లగానే మిషన్లు బాగుచేసే మనిషికి కబురు పెట్టింది.

"పదేళ్లుగా మొత్తుకుంటున్నా. ఇవాళ గుర్తొచ్చిందా అక్కా?" అంటూ అతను వదులైన స్క్రూ బిగించి నూనె పోశాడు. మిషన్ పిల్లిలా నడిచింది.

మధ్యాహ్నం కోడలు లోపలికెళ్లింది. అత్తగారు తొక్కుతూ చెవులు రిక్కించింది. చడీచప్పుడూ లేదు. ఇంతలో తలుపు తెరుచుకుంది.

"అత్తయ్యా, మిషన్ చప్పుడేదీ?"

"బాగుచేయించాను. నీ పాటకి అడ్డమని."

పిల్ల స్టూలు మీద కూలబడింది. "అడ్డమేంటత్తయ్యా! నా తాళమే అది. ఎనిమిది పాటలూ మీరు తొక్కుతుంటే దాని మీదే పాడాను. మీరు మందపాటి ప్యాంట్లు కుట్టేరోజు నెమ్మది పాటలు, పల్చటి చొక్కాలు కుట్టేరోజు జోరు పాటలు. ఆదివారానికి తొమ్మిదోది ఎలా?"

ఆవిడ తల కొట్టుకుంది. తన కుతూహలం కోడలి కష్టం మీదికి తెచ్చింది. గబగబా స్క్రూడ్రైవరు తీసి, బిగించిన స్క్రూని తనే వదులు చేసింది. లొడలొడ తిరిగొచ్చింది. కోడలు ఆత్రంగా కూర్చుని తొక్కింది. చప్పుడైతే వచ్చింది గానీ పాట దాని మీద నిలవలేదు. నాలుగైదుసార్లు ప్రయత్నించి ఏడుపు మొహం పెట్టింది.

"లే, నేను తొక్కుతా."

టక టక టక టక. ఆగింది. టక టక టక టక. మళ్లీ ఆగింది.

"అదే, అదే! మీరెందుకు ఆగుతారు అత్తయ్యా?"

"ఎందుకేంటే, కుట్టు చూసుకోవద్దూ? నాలుగు తొక్కుళ్లు, ఒక చూపు. మా నాన్న నేర్పిన పని. నీకు రెండేళ్లుగా చెప్తున్నానా లేదా?"

"చెప్తున్నారు. చెవికెక్కింది, చేతికే ఎక్కలేదు," అని నవ్వేసి కోడలు లోపలికి పరిగెత్తింది. తొమ్మిదో పాట ఆ మధ్యాహ్నమే పూర్తయింది. అత్తగారికి మాత్రం ఈసారీ ఒక్క ముక్క వినపడలేదు.

ఆదివారం కొట్టు తెరవకముందే కోడలు ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించింది.

"ఐదోది మీరు వినాలత్తయ్యా. బయటివాళ్ల కంటే ముందు మీరే వినాలి."

‘కుట్టిన గుండీ ఊడదీసేదెవరు? కుట్టని తప్పూ పట్టేసేదెవరు?’

ఆవిడ మొహం జేవురించింది. కోడలు గోడకి ఆనుకుని నిలబడింది. తిట్లు వరసగా వచ్చిపడుతున్నాయి. వాటి వెనకాల నాలుగు టకటకలు, ఒక ఆగడం. మళ్లీ నాలుగు, ఒక ఆగడం. ఆ పాట పాడిన రోజు ఆవిడకేమీ తెలియదు పాపం, ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తూ ఎక్కడా తప్పకుండా తొక్కుతూనే ఉంది.

పాటయ్యాక ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి కోడలికేసి కళ్లార్పకుండా చూసింది.

"నన్ను తిట్టడానికి నా కాలితోనే తాళం వేయించుకున్నావటే!"

కోడలు నోరు తెరిచేలోపే ఆవిడ మళ్లీ చెవులకి తగిలించుకుంది.

"మళ్లీ పెట్టు. అదే పాట."