రెండు ఫర్లాంగుల కెనడా

ఆ రోజుల్లో మా వైపు మనుషులకి అరికాల్లో చక్రాలుండేవి. ఉద్దానంలో కొబ్బరితోట ఉన్నవాడూ వెళ్ళేవాడు, లేనివాడూ వెళ్ళేవాడు. మా తాతల కాలంలో రంగం (రంగూన్‌ని మా వైపు అలాగే అనేవారు), ఆ తర్వాత కలకత్తా జూటు మిల్లులు, ఖరగ్‌పూర్ రైల్వే, ఎక్కడో ఒకచోటికి. పలాస స్టేషన్లో మెయిలు కూత వేసిందంటే ఊళ్ళో సగంమందికి ఎవరో పిలిచినట్టుండేది. నాకు మరీనూ. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఇరవై మూడేళ్ళవాడికి సొంత ఊరు నచ్చకపోవడం వింతేమీ కాదు గానీ, నాకు ఊరితో పాటు కుర్చీ కూడా నచ్చేది కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటో పోవాలనిపించేది, పోతే సంతపేట దాకా వెళ్ళి తిరిగి వచ్చేవాణ్ణి. "వీడికి నిలకడ లేదు" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, అదొక డిగ్రీ అయినట్టు.

నా ఉద్యోగం టెక్కలిలో, ఒక సర్కారీ ఆఫీసులో. ఇంజనీర్లు గీసిన కాలవల బొమ్మల మీద పల్చటి గుడ్డ పరిచి, వాళ్ళు గీసిన గీతలే మళ్ళీ నల్ల సిరాతో గీయాలి. గీత తప్పకూడదు, సొంత గీత అసలే గీయకూడదు. అలాంటి వేళ పేపర్లో చదివాను, కెనడా దేశంవాళ్ళు చదువుకీ, వయసుకీ, పనితనానికీ, భాషకీ మార్కులు వేసి, సరిపడా వస్తే ఎవరినైనా తమ దేశంలో శాశ్వతంగా ఉండనిస్తున్నారని. నాలాంటి డ్రాఫ్ట్స్‌మన్లకి అక్కడ గిరాకీ అట. చదవగానే నాకు ఆఫీసు బల్ల మీదే చలి వేసింది. ఢిల్లీకి రాసి ఫారం తెప్పించుకున్నాను. "అక్కడ శాశ్వతంగా నివసించే ఉద్దేశమా?" అన్న ప్రశ్నకి అవును అని పెద్దక్షరాలతో రాసి, అడక్కపోయినా కింద రెండు గీతలు గీశాను. నా సర్వీసు మొత్తంలో నేను సొంతంగా గీసిన గీతలు అవే. ఎప్పుడైనా ఇంటర్వ్యూకి పిలుస్తాం, సిద్ధంగా ఉండమని జవాబు వచ్చింది.

మా నాన్నగారు పురోహితులు. పలాస, మందస చుట్టుపక్కల సగం పెళ్ళిళ్ళు ఆయన పెట్టిన ముహూర్తాలకే జరిగాయి. కెనడా అంటే ఎగిరిపడతారని భయపడుతూ చెప్పాను. ఆయన ఎగరలేదు సరికదా, పంచాంగం అందుకున్నారు. ఆయనకి నేను వెళ్ళడం మీద అభ్యంతరం లేదు, ముహూర్తం లేకుండా వెళ్ళడం మీదే. వేళ్ళు మడిచి లెక్కవేసి, నా నక్షత్రానికి వచ్చే గురువారం ఉదయం తప్పితే మళ్ళీ మంచి ఘడియ లేదన్నారు. ఆ తర్వాత మూఢం, మూఢం దాటితే ఆషాఢం. ఇంకా పిలుపే రాలేదు కదా నాన్నగారూ అంటే, "పిలుపు ఎప్పుడైనా వస్తుందిరా, ఘడియ రాదు. ప్రస్థానం పెట్టేద్దాం" అన్నారు.

ఈ కాలం పిల్లలకి ప్రస్థానమంటే తెలియదు. మంచి వేళకి బయల్దేరలేని మనిషి, ఆ వేళకి తన సామాను పట్టుకెళ్ళి ప్రయాణమయ్యే దిక్కున ఎవరింట్లోనో పెట్టుకోవడం. దాంతో ప్రయాణం మొదలైనట్టే. తర్వాత వీలు చూసుకుని అక్కణ్ణించి వెళ్ళిపోవచ్చు. అయితే నాన్నగారి లెక్క ప్రకారం ఒట్టి సామాను పెడితే పది రోజులే చెల్లుతుందట. మనిషి కూడా గడప దాటి, మళ్ళీ వెనక్కి అడుగుపెట్టకుండా ఉంటే ఎన్నాళ్ళయినా చెల్లుతుందట. అడుగుపెట్టాడో, ప్రయాణం చెడినట్టే. (ఈ రెండో మాట ఏ గ్రంథంలో ఉందో నేనప్పుడు అడగలేదు. ఆధునికుణ్ణని ఫారంలో తప్ప ఎక్కడా రుజువు చేసుకోలేని వయసు నాది.)

ఇక కెనడా ఏ దిక్కు? విమానం లండన్ మీదుగా కాబట్టి పడమర అన్నారు కొందరు. జపాన్ మీంచి కూడా పోవచ్చు గనక తూర్పన్నారు మరికొందరు. చివరికి హైస్కూల్లో సోషలు మేష్టారు గ్లోబు తెచ్చి, పలాస మీద వేలు పెట్టి, దారం బిగించి చూపించారు. దారం తిన్నగా ఉత్తరానికి పోయి, హిమాలయాలెక్కి, మంచులోంచి అవతలికి దిగింది. "దారిలో కైలాసం దగ్గరపడుతుంది, మంచిదే" అన్నారు నాన్నగారు. అలా ఉత్తరం ఖాయమైంది. మా ఇంటికి ఉత్తరాన, రైలుకట్ట పక్కన, వీధిగది ఖాళీగా ఉన్న ఇల్లు ఒక్కటే. అది రంగమప్పది.

రంగమప్ప పుట్టింది ఉద్దానంలో, బారువ దగ్గర. పెళ్ళయి మొగుడితో రంగం వెళ్ళి పాతికేళ్ళు అక్కడే ఉంది. మొగుడు పోయినా కొట్టు నడుపుకుంది. అప్పటికి మూడు నాలుగేళ్ళ కిందట అక్కడి సర్కారు మనవాళ్ళని పొమ్మంటే, ఒక్క ట్రంకుపెట్టెతో ఓడ దిగింది. పలాసలో జీడిపిక్కలు కొట్టుకు బతికేది. వేళ్ళు జీడి కారి నల్లబడి ఉండేవి, మాట మాత్రం తెల్లగా ఉండేది. వాళ్ళింట్లో నా తిండీ ఆచారమూ ఏమవుతాయని మా అమ్మ బెంగపడితే, దేశాంతరంలో ఉన్నవాడికి సగం ఆచారం చాలని నాన్నగారు తేల్చేశారు. ఏ సగమో చెప్పలేదు. (నా కోసం రంగమప్ప ఆ ఐదు నెలలూ ఇంట్లో చేప వండలేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.)

గురువారం ఉదయం కుడికాలు ముందు పెట్టి బయల్దేరాను. నెత్తి మీద ట్రంకుపెట్టె, అందులో సర్టిఫికెట్లు, రైల్వే గార్డు దగ్గర పాతది కొన్న ఉన్నికోటు, రెండు సీసాల ఆవకాయ. అమ్మ ఏడ్చింది. వీధివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చేతులూపారు. రెండు ఫర్లాంగులు నడిచి రంగమప్ప ఇంట్లో పెట్టె దించాను. ఆవిడ తన మంచం కింద ఉన్న పెట్టె పక్కకి నా పెట్టె తోసింది. ఆవిడ పెట్టెకి ఓడ దిగినప్పటినుంచీ తాళం తియ్యలేదట. ఎందుకని అడిగితే, "మళ్ళీ పిలుత్తారేమో బాబూ, సర్దుకోడం తప్పుద్ది" అంది.

పది రోజులనుకున్నది నెల అయింది, నెల మూడు నెలలయింది. ఊళ్ళో నా పేరు పోయి "కెనడా" మిగిలింది. టెక్కలి బస్సెక్కడానికి మా ఇంటి ముందునుంచే పోవాలి, వేరే దారి లేదు. రోజూ ఉదయం అమ్మ మెట్టు మీద నిలబడి, నేను రోడ్డు మీద నిలబడి, మధ్యలో కాలవ మీంచి టిఫిన్ కేరియరు చేతులు మారేది. నాన్నగారు అరుగు మీద కూర్చుని, విదేశంనుంచి వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు, "అక్కడ వర్షాలు ఎలా ఉన్నాయిరా?" అని అడిగేవారు. రెండు ఫర్లాంగుల అవతల వర్షం వేరేగా కురుస్తుందా? అయినా నేనూ, "ఫరవాలేదండి, కొంచెం ముసురు" అని జవాబు చెప్పేవాణ్ణి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత మా ఇంట్లో ఆవపెట్టిన అరటికాయ కూర ఘుమఘుమలు రోడ్డు మీదికి వస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆ నీళ్ళు ఆవ ఘాటుకని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఇంట్లో ఉన్నప్పుడు బయటికి పోవాలని కాలు నిలవని నాకు, బయటికి వచ్చాక ఇంటి చుట్టూ తిరగడం పనైంది. సాయంత్రం బస్సు దిగి మా వీధిలోంచి ఒకసారి, వెనక సందులోంచి ఒకసారి. ఆదివారమైతే పోస్టాఫీసు తెరవదని తెలిసీ వెళ్ళి తాళం చూసొచ్చేవాణ్ణి. గదిలో గార్డు కోటు తొడుక్కుని చలి అలవాటు చేసుకునేవాణ్ణి, శ్రావణమాసపు ఉక్కలో. గోడ నుంచి గోడకి పచార్లు చేస్తుంటే రంగమప్ప జీడిపిక్కలు పక్కన పెట్టేసింది. "పంతులుబాబూ, కాసేపు కూకో. నువ్వలగ తిరగతంటే నా తల తిరగతన్నాది" అంది. ఆ ఆదివారమే నన్ను బారువ తీసుకెళ్ళింది.

సరుగుడు తోపులు దాటి ఇసకలో కూర్చున్నాం. ఆవిడ తూర్పుకి చూస్తూ ఆ నీటికి అవతలే రంగమని చూపించింది. నేను మేష్టారి దారం గుర్తు తెచ్చుకుని ఉత్తరానికి తిరిగి కూర్చున్నాను. అటు తాటిచెట్లు తప్ప ఏమీ కనబడలేదు. కెనడావాళ్ళు ఇచ్చే కాగితం గురించి, దానితో జీవితాంతం ఉండిపోవచ్చని, ఎవరూ పొమ్మనరని ఉత్సాహంగా చెప్పాను. ఆవిడ అంతా విని, కాళ్ళ మీద ఇసక దులుపుకుంది.

"నాకూ ఉండీది బాబూ అలాటి కాయితం. ముద్ర ఏసీసి ఇచ్చినారు. ఆ ఇచ్చినోలే ఎల్లిపొమ్మన్నారు."

కెనడా అలాంటి దేశం కాదప్పా అన్నాను, అక్కడ పుట్టి పెరిగినవాడిలాగా. అన్నానే గానీ తిరుగు బస్సులో సీటున్నా కూర్చోలేకపోయాను.

భాద్రపదంలో పిలుపొచ్చింది. ఢిల్లీ దారిలోదే కాబట్టి ప్రస్థానానికి భంగం లేదని నాన్నగారు సెలవిచ్చారు. రెండు రాత్రులు రైల్లో కూర్చుని, అందులో ఎక్కువ భాగం తలుపు దగ్గర నిలబడి వెళ్ళాను. ఇంటర్వ్యూ చేసిన దొర మంచివాడు. చదువడిగాడు, చెప్పాను. పని అడిగాడు, చెప్పాను. కొత్తచోట ఇమడగలనో లేదో చూడటానికి కాబోలు, ఎప్పుడైనా ఇంటికి దూరంగా ఉన్నావా అని అడిగాడు. ఉన్నానండి, నాలుగు నెలలు దాటింది అన్నాను. ఎంత దూరం అన్నాడు. ఇక్కడ బుద్ధి ఉన్నవాడెవడైనా నాలుగొందల మైళ్ళంటాడు. నేను పురోహితుడి కొడుకుని, రెండు ఫర్లాంగులన్నాను. ఆయన కలం కింద పెట్టి వివరం అడిగాడు. ఘడియ, ప్రస్థానం, ఉత్తర దిక్కు, కాలవ మీంచి కేరియరు, అంతా నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వలేదు. కష్టంగా ఉందా అని మాత్రం అడిగాడు. లేదండి అనడానికే నోరు తెరిచాను. "ఎస్ సర్, వెరీ హార్డ్" అన్నాను. ఆయన నాకు మంచినీళ్ళు ఇప్పించాడు.

నెల తర్వాత కవరు మా ఇంటికి వచ్చింది. దాన్ని నాన్నగారే పట్టుకుని రంగమప్ప ఇంటికి వచ్చారు. ఐదు నెలల్లో ఆయన అటు రావడం అదే మొదలు. సాగనంపినవాళ్ళు వెంటపడకూడదని రాలేదట. గుమ్మం బయటే నిలబడ్డారు. నేను చింపి చదివాను.

"ఏమంటున్నారు?"

"వద్దంటున్నారు నాన్నగారూ."

ఆయన నా కేసి చూడలేదు. మంచం కింద ఉన్న రెండు పెట్టెల కేసి చూసి, "సరే. వేళ చూసి చెప్తాను" అని వెళ్ళిపోయారు. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఊరందరూ చేతులూపి పంపిన మనిషిని, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని తిరగాలి? ఆ ఏడుపు ఏడుస్తూనే, లోపలెక్కడో రేపు ఇంట్లో అన్నం తింటానని సంతోషం వేసింది. ఆ సంతోషానికి మరింత సిగ్గుపడ్డాను.

మర్నాడు ఉదయం నేను పెట్టె ఎత్తుకుంటుంటే రంగమప్ప నన్ను ఆగమంది. తన పెట్టె బయటికి లాగి, తుప్పు పట్టిన తాళాన్ని జీడిపిక్కలు కొట్టే సుత్తితో ఒక్కటిచ్చింది. పైనే, గుడ్డలో చుట్టి, ఎర్ర మొఖమల్ చెప్పుల జత. కొత్తవి. పొమ్మని ఉత్తరువు రాకముందు వారమే రంగంలో కొనుక్కుందట. "మళ్ళీ ఎల్లినప్పుడు ఏసుకుందారని ఉంచినాను. ఇంక ఎవులు పిలుత్తారు? పద, నిన్ను దిగబెట్టొత్తాను" అంది. రైలుకట్ట పక్క బురదలో ఎర్ర చెప్పులేసుకుని ఆవిడ ముందు, పెట్టె నెత్తినెత్తుకుని నేను వెనక. మొన్న చేతులూపిన గుమ్మాలన్నీ మళ్ళీ నిండాయి గానీ, అందరూ ఆ చెప్పులే చూశారు. నన్నెవరూ చూడలేదు. ఆ ఉపకారానికి ఆవిడకి నేను జన్మంతా రుణపడి ఉన్నాను.

మెట్టు మీద కాలు పెట్టబోతుంటే నాన్నగారు పంచాంగంతో అడ్డొచ్చారు. ఇంకా పావుగంట వర్జ్యం ఉందట. కూర చల్లారిపోతోందని లోపల్నించి అమ్మ, పరదేశంనుంచి వచ్చినవాణ్ణి ఎండలో నిలబెడతారా అని వీధివాళ్ళు. నాన్నగారు కదల్లేదు. "వెళ్ళేవాడికి అటూ ఇటూ అయినా ఫరవాలేదు. వచ్చేవాడికి గట్టి వేళ కావాలి" అన్నారు. ఐదు నెలల తర్వాత సొంత ఇంటి ముందు, పెట్టె నెత్తి మీద పెట్టుకుని, పదిహేను నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. నా జీవితంలో అంతసేపు ఒకచోట నిలకడగా ఉండటం అదే మొదటిసారి.

చాలా ఏళ్ళ తర్వాత, ఆయన మంచం పట్టిన రోజుల్లో అడిగాను, మనిషి కూడా వెళ్ళి ఉండిపోవాలని ఏ గ్రంథంలో ఉంది నాన్నగారూ అని. "గ్రంథంలో లేదురా. నువ్వెలాగూ పోతావు కదా, ముందు రెండు ఫర్లాంగులకి తట్టుకోగలనో లేదో చూసుకుందామనుకున్నాను" అన్నారు. తట్టుకున్నారా అని అడిగితే, "నువ్వు బస్సు దిగే వేళకి రోజూ వెనక సందు కిటికీ దగ్గరే ఉండేవాణ్ణి. ఇంటి చుట్టూ నువ్వు రెండుసార్లు తిరిగేవాడివి" అన్నారు.

ఇప్పుడు నాకు మోకాళ్ళు నొప్పులు. చక్రాలు ఏనాడో అరిగిపోయాయి. అయినా సాయంత్రం మెయిలు కూత వినబడగానే కుర్చీలోంచి లేస్తాను, ఎటు పోవాలో తెలియక మా ఇంటి చుట్టూ ఒకసారి తిరిగొస్తాను. వెనక సందులో ఆ కిటికీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొంచెం నెమ్మదిస్తాను, లోపలినుంచి చూసేవాళ్ళకి సరిగ్గా కనబడాలని.