ఆటో మైకులో రాని గొంతు

ఎడమ చెయ్యి ఏదో కుడి చెయ్యి ఏదో అన్నం ముందు కూర్చుంటే గానీ నాకు ఇప్పటికీ గుర్తు రాదు. ప్లస్సు, మైనస్సుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటితో పొసగకే ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టాను. అటువంటి మనిషి ఆదోనిలో స్టీరియో రికార్డింగ్ గది పెట్టుకుని బతుకుతున్నాడంటే, ఈ చుట్టుపక్కల జనం ఎంత మంచివాళ్లో ఆలోచించండి.

గది అంటే గోడలకు పత్తి గోనెలు వేలాడదీసిన పాత కొట్టు. అందులో ఎనిమిది ట్రాకుల డిజిటల్ రికార్డర్ ఒకటి, అరచేతిలో ఇమిడే చిన్న రికార్డర్ ఇంకొకటి. పెద్దదాంట్లో ప్రతి గొంతూ, ప్రతి వాయిద్యమూ దేని ట్రాకులో అది విడివిడిగా పడుతుంది. తర్వాత హార్మోనియం ఎడమకు, డోలు కుడికి, ముందు పాడే మనిషి నడుమకు అని సర్ది, అంతటినీ రెండు తీగల గుండా చిన్నదాంట్లోకి దింపుతాను. మిక్సింగ్ అంటే అంతే. ఎనిమిది మందిని ఇద్దరు పట్టే బండి ఎక్కించడం, ఎవరి కాలూ ఎవరూ తొక్కకుండా.

శ్రావణానికి ముందు ఎమ్మిగనూరు నుంచి ఒక భజన బృందం వచ్చింది, అందరూ మగ్గాల వాళ్లు. ముందు పాడేది ఒక పెద్దమ్మ. ప్రతి ఏడూ ఉరుకుంద ఈరన్న గుడికి పాడుకుంటూ నడిచిపోతానని ఆమెకు మొక్కు. ఈసారి మోకాళ్లు సహకరించలేదు. నడిచేవాళ్ల ముందు ఒక ఆటో పెట్టి, దాని మైకులో ఆమె పాట వేస్తే మొక్కు చెల్లినట్టేనని పెద్దలు తేల్చారు. కాళ్లు పోకపోయినా గొంతు పోతుంది కదా అని. ఆమె ఒప్పుకుంది, సగం మనసుతో.

పాల గిన్నె పక్కన కూర్చున్న పిల్లిని చూసినట్టు నా రికార్డర్‌ను చూసింది.

“దీంట్లోకి పోయిన గొంతు మళ్లా బయటికొస్తాదా నాయనా?”

“పోయింది పోయినట్టే వస్తాది పెద్దమ్మా. దగ్గు గూడా వస్తాది.”

“దగ్గు రాకపోయినా పర్వాలేదు. గొంతు రాకపోతే మాత్రం నిన్నే అడుగుతా.”

హార్మోనియం వాయించేది ఆమె మరిది. మాట తక్కువ మనిషి. వదిన నడవలేదు కాబట్టి ఈ ఏడు ముందు పాట తానే పాడాలని ఆశపడ్డాడనీ, ఎవరూ ఒప్పుకోలేదనీ డోలు వాయించే ఆయన నా చెవిలో వేశాడు. ఆ ముక్క నాకు చాలు. అప్పటినుంచి నా కన్ను ఆ మరిది చేతుల మీదే.

రికార్డింగ్ అయిన నాలుగు రోజులకు, నేను పాటలు దింపుతున్న రోజే పెన్ డ్రైవ్ కోసం అతను వచ్చాడు. నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఈ గుండీ కిందికి జరిపితే ఏమైతాది?”

“మీ వదిన గొంతు తగ్గుతాది. తాకొద్దన్నా.”

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను టీ తేవడానికి పోయాను. పాట దాని పాటికి అది దిగుతూ ఉంది. తిరిగొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే ఆశ్చర్యం వేసింది. పెద్దమ్మ గొంతు ఒకచోట లేదు, తల చుట్టూ తిరుగుతున్నట్టుంది. ముందురోజే ఆ రెండు తీగల్లో ఒకటి తెగితే నా చేత్తోనే టంకం పెట్టి అతికించాను. ఆ అతుకు మహిమే ఇదని మురిసిపోయి, పెన్ డ్రైవ్ చేతిలో పెట్టి పంపించాను.

నడక మొదలయ్యే ముందురోజు పొద్దున వాళ్ల వీధిలో ఆటో నిలబెట్టి పాట వేసి చూశారు. నాలుగు పొగడ్తలు దొరుకుతాయేమోనని నేనూ బస్సెక్కి పోయాను. హార్మోనియం వచ్చింది. డోలు వచ్చింది. పెద్దమ్మ అందుకోవాల్సిన చోట ఏమీ రాలేదు. ఆ తర్వాత, ఎవరో పాడినట్టే, వంత పాడేవాళ్లు అందుకున్నారు. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“నేనేమీ జరపలేదు,” అన్నాడు మరిది.

“అడగకముందే సెప్తాండావే? నేను టీకి పోయినప్పుడు గదిలో ఎవరుండిరన్నా?” అన్నాను నేను, అందరికీ వినపడేటట్టు.

అతను భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్లీ వేసుకున్నాడు. జనం చూపు అతని మీదే ఉంది. పెద్దమ్మ ఒక్కతే నన్ను చూస్తోంది.

“వాని సంగతి పక్కన పెట్టు. నా గొంతు తీసుకున్నది నువ్వు. యాడ పెట్టినావు?”

పెన్ డ్రైవ్ నా ఫోన్‌కు తగిలించి ఇయర్‌ఫోన్లలో విన్నాను. గొంతు ఉంది. ఆమె చెవుల్లో పెట్టాను. కళ్లు మూసుకుని వింది.

“ఈడ ఉండాను. ఆడ లేను.” ఇయర్‌ఫోన్లు చేత్తో నొక్కి పట్టుకుని, “ఈడ గూడా సరిగా లేనప్పా. నా యెనకాల ఎవరో నిలబడి పాడినట్టుండాది,” అంది.

ఇక నా అనుమానం ఆటో ఆయన మీదికి పోయింది. ఆటోలోని మైకు మిషన్‌లో ఏం చేశావని నిలదీశాను.

“ఏం జేస్తానన్నా? ఉండేది ఒకటే మైకు. ఎడమదీ కుడిదీ రెండు తీగలూ కలిపి మెలేసినా.”

ఒకటి పీకమన్నాను. పెద్దమ్మ గొంతు వీధంతా మోగింది. దాన్ని పీకి రెండోది పెడితే, అప్పుడూ మోగింది. రెండూ కలిపితే మాయం.

అప్పుడు నా టంకం గుర్తొచ్చింది. తెగిన తీగ అతికించేటప్పుడు దాని లోపలి ప్లస్సు, మైనస్సు కొనలు తారుమారు చేశాను. దాంతో ఒక పక్క ప్లస్సు అంటే రెండో పక్క మైనస్సు అంటుంది. చెవికొకటిగా వింటే ఏదో వింతగా ఉంటుందంతే. రెండిటినీ ఒకే మైకులో పోస్తే, నడుమ ఉన్న గొంతు తనను తానే కొట్టేసుకుని సున్నా అవుతుంది. పక్కలకు సర్దిన హార్మోనియానికీ డోలుకూ వంత గొంతులకూ ఆ బాధ లేదు. నేను బడి వదిలేసినా లెక్కలు నన్ను వదల్లేదు.

మధ్యాహ్నానికల్లా ఆదోని చేరి తీగ విప్పి చూశాను. అనుకున్నట్టే ఉంది. సరిచేసి పాటలన్నీ మొదటినుంచి మళ్లీ దింపాను. ఎంత సేపు పాట ఉంటే అంత సేపూ కూర్చోవలసిందే. ఈసారి టీకి పోలేదు.

మరుసటి రోజు ఆటో కదిలింది. ముందు ఆమె గొంతు, వెనక జనం, జనంలో మెడకు హార్మోనియం తగిలించుకుని మరిది. బయలుదేరే ముందు తప్పయిందని అతనికి చెప్పుకున్నాను. “ఆ పొద్దు టీకి నన్ను గూడా పిల్చకపోతివి,” అని మాత్రం అన్నాడు.

పెద్దమ్మ గడప మీద కూర్చుని, పాట వీధి మలుపు తిరిగేదాకా విన్నది. నేను ఊరుకోలేకపోయాను.

“అన్నను అనుమానించినానని వీధంతా నన్నే తిట్టినారు పెద్దమ్మా. నువ్వు మాత్రం నన్ను అనుమానించలేదా?”

ఆమె మోకాలు నిమురుకుంటూ నా వైపు తిరిగింది.

“అనుమానించినా నాయనా. సరైనోన్నే అనుమానించినా.”