ఎక్కించని నీలం నీళ్లు

ఆపరేషన్ థియేటర్‌లో ఆవిడ్ని అందరూ నీలంనీళ్లక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా సర్జన్ల చేతికి పనిముట్లు అందించే నర్సు. కిడ్నీ నుంచి దిగే నాళంలో రాయి ఇరుక్కుంటే, పొట్టకి మూడు చిల్లులు పెట్టి, కెమెరాలో చూస్తూ నాళం కోసి రాయి తీస్తారు. కుట్టేముందు లోపలికి స్టెంట్ అనే సన్న గొట్టం జారుస్తారు. దాని కింది కొస మూత్రాశయంలోకి దిగిందో లేదో కంటికి కనపడదు. అందుకే ఆవిడ మూత్రాశయంలోకి నీలం రంగు నీళ్లు ఎక్కిస్తుంది. ఆ నీలం గొట్టంలోంచి పైకొచ్చి కోత దగ్గర కనిపిస్తే దిగినట్టు. లేదంటే కుట్టు వెయ్యనివ్వదు, ఎంత పెద్ద సర్జనైనా సరే.

ఆవిడ పనిచేసే థియేటర్‌లోని కుర్ర సర్జన్‌కి ఆ పద్ధతి నేర్పింది ఆవిడే. కొత్తలో పొరపాట్లు చేస్తే వెనకేసుకొచ్చింది కూడా. ఇప్పుడు అతనికి పేరొచ్చింది, "అక్కా" అన్న పిలుపు మాత్రం మారలేదు.

ఆ రోజు బల్ల మీదున్నది ఒక బస్సు డ్రైవరు. స్టెంట్ జార్చాక ఆవిడ సిరంజి పట్టుకుని, "ఎక్కించనా?" అంది.

"వద్దక్కా. దిగిందని చేతికే తెలుస్తోంది. బయట ఇంకా ముగ్గురున్నారు."

"నీ చేతికి కళ్లెప్పుడొచ్చాయి?"

మాస్కు వెనక నవ్వాడు. ఆవిడా నవ్వి సూదీదారం అందించింది. తమ్ముడిలాంటి వాడు కదా అని మొదటిసారి పద్ధతి తప్పింది.

ఆరు వారాలకి స్టెంట్ తీద్దామని చూస్తే మూత్రాశయంలో కొస లేదు. పైన నాళంలోనే ఆగిపోయింది. ఆ బస్సు డ్రైవరుకి మళ్లీ మత్తివ్వాల్సొచ్చింది. సూపరింటెండెంట్ సంజాయిషీ అడిగారు. సర్జన్ రాసిచ్చిన కాగితం సంతకం కోసం ఆవిడ దగ్గరికొచ్చింది. "నీలం నీళ్లు కనిపించాయని నర్సు చెప్పడం వల్లే కుట్టాను" అనుంది అందులో.

చేతులు కడుక్కునే తొట్టి దగ్గర అతన్ని పట్టుకుంది. "ఇది రాసింది నువ్వేనా?"

"కోపం తెచ్చుకోకక్కా. నీకైతే ఒక మెమోతో పోతుంది, నాకైతే పేరే పోతుంది. ఇంకో నర్సయితే రచ్చ చేసేది. నువ్వు కాబట్టి రాశాను."

నర్సుల్ని దేవతలనడంలో ఉన్న సుఖం అదే: దేవతలు ఎదురుచెప్పరు. ఆవిడ కుళాయి కట్టేసింది. అబద్ధం కన్నా, తను ఊరుకుంటుందన్న అతని ధీమా ఎక్కువ గుచ్చుకుంది.

కాగితం తొట్టి గట్టు మీద పెట్టి అడుగున రాసింది: ఎక్కించనా అని అడిగాను. వద్దన్నారు. అయినా సూదీదారం అందించాను. అది నా తప్పు.

"నువ్విలా చేస్తావనుకోలేదక్కా," అన్నాడు సర్జన్.

"నేనూ అనుకోలేదు," అని సంతకం చేసి, కాగితం తనే సూపరింటెండెంట్ గదికి పట్టుకెళ్లింది.