రెండు తలల సుత్తి

బస్తర్ సంస్థానంగా ఉన్న ఆ రోజుల్లో, మా దుకాణాల వీధిలో తెలివి అంటే ఒకటే: ఒక పనికి డబ్బు తీసుకుని, ఆ పని చెయ్యాల్సిన అవసరమే లేకుండా చూసుకోవడం. ఆ లెక్కన నా అంత తెలివైనవాణ్ణి జగదల్‌పూర్ మళ్ళీ చూడలేదనే చెప్పాలి. పందొమ్మిదేళ్ళకే, విమానాల మైదానంలో గాలి ఎటు వీచినా పనికొచ్చే గుర్తును కనిపెట్టినవాణ్ణి నేను. (అలాంటిది అంతకుముందు ఎవరూ ఎందుకు కనిపెట్టలేదో కూడా అందరికంటే ముందు నాకే తెలిసింది.)

మైదానం అంటే ఊరి బయట పుట్టలు చదును చేసి, గడ్డి కోసి ఉంచిన పొడవాటి నేల, అంతే. కిందినుంచి 'నువ్వు రా, నువ్వు ఆగు' అని చెప్పే బురుజూ లేదు, మనిషీ లేడు. నేలమీద తెల్లగుడ్డతో పెద్ద సుత్తి ఆకారం పరిచేవారు. విమానం దాని పిడి వైపు నుంచి వచ్చి తల వైపుగా దిగాలి. అంటే గాలికి ఎదురుగా దిగాలన్నమాట. గాలి తిరిగితే సుత్తినీ తిప్పాలి. గుడ్డ ఇవ్వడం, తిప్పడం రెండూ కలిపి గుత్తకు ఇస్తానని సంస్థానం ఓవర్సియరు మా పెదనాన్న బట్టల దుకాణానికి వచ్చాడు. పెదనాన్న భోజనానికి వెళ్ళిన సమయం చూసి, గుత్త నేనే ఒప్పుకున్నాను. ఆ తర్వాత ఎండలో మైదానం దాకా ఒకసారి నడిచి చూశాక, నడకకంటే గుడ్డే చవకని తేలింది. సుత్తికి రెండో కొసన ఇంకో తల కుట్టించేశాను.

పెదనాన్న దాన్ని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సుత్తికి రెండు తలకాయలేందిరా?"

"ఇటు గాలొస్తే ఇటు తల, అటు గాలొస్తే అటు తల. ఇంక మనం దుకాణం దిగే పన్లేదు పెదనాన్నా."

"మరి ఏ తల చూడాల్నో విమానపాయనకెట్ల తెలుస్తది?"

"ఆయన చదువుకున్నోడు గదా, ఆయనే చూసుకుంటడు."

ఓవర్సియరైతే "వాహ్ సేఠ్! ఇక తప్పయ్యే మాటే లేదు!" అని నా భుజం తట్టి వెళ్ళాడు. (సేఠ్ అని నన్ను పిలిచిన మొదటి మనిషి ఆయనే. ఆ మాటకోసం మూడో తల అడిగినా కుట్టించేవాణ్ణి.) అన్నట్టే కొన్ని నెలలు ఏ తప్పూ జరగలేదు. ఎప్పుడో ఒక విమానం వచ్చేది, ఎక్కడో పొగ చూసి గాలి పోల్చుకుని, తనకు కావలసిన తల వైపు దిగేది. నేను నీడలో కూర్చుని సంపాదించాను.

ఒకరోజు విమానం వస్తోందని తెలిసి పెదనాన్న, "గుడ్డ మనది, దిగేది మనం చూడొద్దా?" అని గొడుగు, మరమరాల సంచి పట్టుకుని బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. ఆకు కదలడం లేదు, దూరాన పొగ నిలువుగా లేస్తోంది. సంత నుంచి వస్తున్న ఆడవాళ్ళు గంపలు దించి నిలబడ్డారు. తూర్పున పసుప్పచ్చ విమానం ఒకటి కనబడి కిందికి వంగింది. మోత మాత్రం రెండు పక్కలా వినిపిస్తోంది. తల తిప్పితే పడమట వెండిరంగుది ఇంకొకటి, అదీ దిగుతోంది. (అది వస్తున్న సంగతి మాకెవరూ చెప్పలేదు.)

"ఏందిరా, ఒకళ్ళకొకళ్ళు ఎదురొస్తున్నరు! కండ్లు కనబడ్తలేవా?" అన్నాడు పెదనాన్న.

కనబడుతోంది. ఇద్దరికీ నా గుడ్డే కనబడుతోంది. గాలి లేదు కనక ఎవరికి నచ్చిన తల వాళ్ళు ఎంచుకున్నారు. ఒక తల పీకేస్తే ఒకడైనా ఆగుతాడని పరిగెత్తి పడమటి తల పట్టుకున్నాను. అదే ఆలోచనతో పెదనాన్న తూర్పు తల పట్టుకున్నాడు.

"నువ్వు వదులు పెదనాన్నా! వెండిది బాగా కిందికొచ్చింది, దాన్ని దిగనీ!"

"నువ్వే వదులు! పచ్చది ముందొచ్చింది, ముందొచ్చిన గిరాకీకే ముందు!"

చావు నెత్తిమీదికి వస్తుంటే మేమిద్దరం గుడ్డ చెరో కొస పట్టుకుని వ్యాపార ధర్మం మాట్లాడుకున్నాం. పర్రుమని రెండు తలలూ ఊడొచ్చాయి. తలతో సహా ఇద్దరం వెల్లకిలా పడ్డాం. ఆ పడుకున్న చోటినుంచే చూశాను: రెండు విమానాలూ ఒక్కసారి ముక్కులు పైకెత్తి, చెరో పక్కకు ఒరిగి, ఒకదాన్నొకటి దాటిపోయాయి. మరమరాలు ఎగిరి గడ్డిమీదంతా పడ్డాయి.

తర్వాత అవి చుట్టు తిరిగి, ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా దిగాయి. పసుపు విమానం నడిపిన ఆయన దిగి నేరుగా మా దగ్గరికొచ్చి, చేతుల్లో తలలతో నిలబడ్డ మమ్మల్ని చూసి హిందీలో, కుస్తీ పోటీ ఏమోననుకుని మళ్ళీ పైకి లేపేశానన్నాడు. రెండు తలలెందుకని అడిగితే నేను కనిపెట్టిందంతా గర్వం తగ్గించుకుని చెప్పాను. ఆయన విని, "ఇద్దరం వస్తే?" అని ఒక్క మాట అడిగాడు. అది నా బేరంలో లేదు. మరి చెప్పేవాళ్ళు లేనప్పుడు ఎవరు ముందో మీకెట్లా తెలుస్తుందని నేను అడిగాను. నిజంగానే తెలుసుకోవాలనిపించింది. కింద ఉన్నవాడు ముందు దిగుతాడు, పైవాడు చుట్టు తిరిగి వస్తాడు, చూసుకోవాలి, అంతే అన్నాడు. "చూడకపోతే?" అన్నాను. ఆయన సిగరెట్టు తీశాడు. అగ్గిపుల్ల మూడుసార్లు గీసినా అంటుకోలేదు.

పెదనాన్నకు ఆ పద్ధతి నచ్చింది. ఆ తర్వాత దుకాణంలో ఇద్దరు ఒక్కసారి తోసుకొస్తే, "చాపమీద కూసున్నాయన ముందు, నిలబడ్డాయన ఒక చుట్టు తిరిగి రా" అనేవాడు.

ఇప్పుడు నిజాయితీగా లెక్క కడితే: విమానాలు రెండు, వాటిలో మనుషులు, చెల్లు. సుత్తి పిడి, ఒక తల, సంస్థానం ఖాతా. రెండో తల, నా ఖాతా. పెద్దమ్మ దాంతో దిండు గలీబులు కుట్టింది, ఏళ్ళ తరబడి వాటిమీదే పడుకున్నాను. మరమరాలు, పెదనాన్న ఖాతా. తప్పించుకున్న నడక, ఆ రోజునుంచి గాలి తిరిగిన ప్రతిసారీ ఎండలో మైదానం దాకా నడిచి వడ్డీతో సహా కట్టేశాను. ఇంక బాకీ లేదు. అయినా ఈ వయసులో కూడా పైన మోత వినబడితే బయటికొచ్చి, ఒకదాన్ని చూశాక, రెండోది వస్తోందేమోనని అవతలి పక్కకు కూడా చూస్తాను. ఆ చూపుకు మాత్రం ఎవరికీ బిల్లు వెయ్యలేదు.