గులాబీ తోటలో త్రీజీ సారు

త్రీజీ టవర్లకు జాగాలు చూసేదానికి బాగలూరుకొచ్చిన సర్కారు ఇంజనీరు, ఎవరి చేలో దిగినా చెప్పులు గట్టునే విడిచేవాడు. ఇంటి పక్కనే ఉండే మా అత్త గులాబీ తోటలో అట్లే నిలబడి, "టవరు ఈడే వస్తాదమ్మా" అన్నాడు. అదొస్తే పూల వాసన గూడా ఫోన్లో బెంగళూరుకు పోతాదని నేను కోతలు కోసినాను. ఆర్డరు రాకముందే అత్త చెట్లన్నీ పెరికించి టెంకాయ కొట్టింది.

ఢిల్లీలో ప్లాను మారి, టవరు మూకండపల్లి ఫ్యాక్టరీల పక్కకు పోయింది. ఆ మాట చెప్పేదానికి ఆయనే వచ్చినాడు. బోడి నేలలోకీ చెప్పులు విడిచే దిగి, "నా నోటిమాట నమ్మి పెరికేసినారమ్మా" అని తల దించుకున్నాడు.

"ఏమప్పా, టవరు రాకుంటే కాఫీ గూడా తాగకూడదా? కూర్చో" అనింది అత్త.

నిలబడే తాగినాడు. తాగిన లోటా తానే కడిగి బోర్లించి పోయినాడు. ఇంటికొచ్చిన మనిషి చేత ఎంగిలి లోటా కడిగించినామే అని అత్త ఇప్పటికీ సిగ్గుపడతాది.